పెన్సిల్వేనియా మారేడు

అమెరికా వెళ్ళొచ్చినవాణ్ణి అందరూ నయాగరా గురించే అడుగుతారు. చూశాను. నీళ్ళు చాలా ఉన్నాయి. చప్పుడు కూడా చాలా ఉంది. దాని గురించి నాకంటే బాగా రాసినవాళ్ళున్నారు. మా బాపట్లలో నన్ను అడిగినవాళ్ళకి నేను చెప్పని సంగతి మరొకటుంది. నా ఎడమ ముంజేతి మీద గోధుమరంగు మచ్చలు మూడున్నాయి. అవేమిటని అడిగితే వేడి నూనె చిందిందని చెప్పాను. అది అబద్ధం. ఈ కథనం ఆ అబద్ధాన్ని దిద్దుకోవడానికి రాస్తున్నాను.

నా గురించి ఒక ముక్క చెప్పాలి. వ్యవసాయ శాఖలో ముప్ఫై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను. నాకు జరిగిన అవమానం ఏదీ నేను మర్చిపోను. ఆలస్యంగా వచ్చిన బస్సు మీద, చిల్లర ఇవ్వని పోస్టాఫీసు మీద, ఎవరిమీదనైనా ఫిర్యాదు రాసి పోస్టు చేస్తేగాని నాకు నిద్రపట్టదు. ఇది గొప్పని చాలాకాలం అనుకున్నాను.

కస్టమ్స్ బల్ల దగ్గర

ఎనభై మూడో సంవత్సరం జూన్ నెల. టికెట్టు పంపింది మా అక్క కూతురు వసుంధర. గుంటూరులో డాక్టరీ చదివి, పెళ్ళయి న్యూజెర్సీ వెళ్ళిన పిల్ల. అక్కడ మన డిగ్రీ ఒక్కటే చాలదు. వాళ్ళ పరీక్షలు రాయాలి, తర్వాత ఏదో ఒక ఆస్పత్రి రెసిడెన్సీ, అంటే మూడేళ్ళ శిక్షణ ఉద్యోగం, ఇవ్వాలి. మూడేళ్ళు వరసగా ఉత్తరాలు రాసి, వరసగా కాదనిపించుకుని, నాలుగో ఏట ఒక ఆస్పత్రిలో చోటు సంపాదించింది. జూలై ఒకటి, శుక్రవారం, పనిలో చేరాలి. ఆ తర్వాత మూడేళ్ళు ఊపిరి పీల్చుకునే తీరిక ఉండదని, అంతకుముందు నాలుగు రోజులు నన్ను కార్లో తిప్పి చూపించాలని దాని ఆశ.

నాదీ ఒక ఆశ ఉంది. నేను సోమవారం సోమవారం స్ఫటిక లింగానికి మారేడు దళాలతో పూజ చేస్తాను. వసూకి చోటు దొరికితే, అది చేరబోయే ముందు వచ్చే సోమవారం దాని ఇంట్లోనే నూటఎనిమిది దళాలతో అర్చన చేస్తానని మొక్కుకున్నాను. మా ఆవిడ కామాక్షి పెరటి చెట్టు దళాలు తడిగుడ్డలో చుట్టి పెట్టెలో సర్దింది.

న్యూయార్క్ విమానాశ్రయంలో ఒక పొడుగాటి ఆఫీసరు ఆ మూట విప్పాడు. దేవుడి పూజకని చెప్పాను. వ్యవసాయాధికారినని, వీటికి తెగులు లేదని నేను హామీ ఇస్తానని కూడా చెప్పాను. అతను నవ్వి, "నేనూ వ్యవసాయం వాణ్ణే సార్" అని, మూట మొత్తాన్ని పక్కనున్న డబ్బాలో పడేశాడు. ఆ నవ్వు నాకిప్పటికీ గుర్తే. అమెరికా గోధుమలతోపాటు వయ్యారిభామ గడ్డి మన దేశానికి వచ్చిందని మా శాఖలో అందరూ అనుకునేవాళ్ళు. ఊళ్ళకి ఊళ్ళు దురదలతో గోక్కున్నాయి. మాకు ఆ కలుపు పంపినవాళ్ళు నా మారేడాకులకి భయపడుతున్నారని పక్కనున్న పంజాబీ ముసలాయనతో గట్టిగానే అన్నాను.

పిస్కాటవే

వసూ ఇల్లు పిస్కాటవేలో, యూనివర్సిటీకి దగ్గర్లో. దాని భర్త ప్రసాద్ ఇంజనీరు, నెమ్మదైనవాడు. అక్కడి వీధుల్లో మనుషులు కనబడరు, కార్లే కనబడతాయి. పాలు ప్లాస్టిక్ డబ్బాలో ఉంటాయి, ఆ డబ్బా పారేస్తారు. కరివేపాకు కోసం నలభై మైళ్ళు వెళ్ళి, రెండు రెమ్మలు డాలరు పెట్టి తెచ్చారు. మా పెరట్లో అది మేక తింటుంది.

మొదటిరోజు భోజనాల దగ్గరే బూరెల సంగతి తీశాను. ఇది చదివేవాళ్ళకి అదేమిటో తెలియాలి. వసూ పెళ్ళిలో, దాన్ని గంపలో కూర్చోబెట్టి ఎత్తుకొచ్చిన మేనమామని నేను. అలాంటి నన్ను మా బావగారు మూడో బంతిలో కూర్చోబెట్టారు. నా విస్తరి దాకా వచ్చేసరికి పూర్ణం బూరెలు అయిపోయాయి. ఈ సంగతి అప్పటికి ఐదేళ్ళుగా ప్రతి శుభకార్యంలోనూ చెబుతున్నాను.

"మామయ్యా, రేపు బూరెలు నేను చేసిపెడతాను. మీ ఒక్కరికే ఫస్ట్ బంతి" అంది వసూ.

"చేసినా అవి పెళ్ళి బూరెలవుతాయా?" అన్నాను.

ప్రసాద్ తల వంచుకుని మజ్జిగన్నం కలుపుకున్నాడు. వసూ మరుసటి రోజు నిజంగానే చేసింది. బాగున్నాయి. బాగున్నాయని నేను అనలేదు.

రోడ్డు మీద, శనివారం

పెన్సిల్వేనియా కొండల్లో రెండు రాత్రులు, తర్వాత నయాగరా, బుధవారానికి ఇల్లు. ఇదీ వాళ్ళ ప్రణాళిక. సోమవారం వాళ్ళింట్లో కాకుండా దారిలో వస్తుందని నేను సణిగాను. "లింగం మీతోనే వస్తుందిగా మామయ్యా, ఎక్కడుంటే అక్కడే పూజ" అంది వసూ. మొక్కింది దాని ఇంట్లో అని నేను గుర్తుచేశాను. మారేడు లేదన్న సంగతి ఎలాగూ మిగిలే ఉంది.

దారిలో రైలుపెట్టెలా తళతళలాడే ఒక రేకు హోటల్లో ఆగాం. కాఫీ నలభై అయిదు సెంట్లు. కప్పు ఖాళీ అయ్యేలోపు మళ్ళీ పోస్తారు, దానికి వేరే డబ్బు తీసుకోరు. నాలుగుసార్లు పోయించుకున్నాను. పక్క బల్ల దగ్గరున్న లారీ డ్రైవరు మా పులిహోర డబ్బా చూసి అదేమిటని అడిగాడు. వసూ ఒక కాగితం పళ్ళెంలో పెట్టిచ్చింది. అతను మిరపకాయతో సహా నమిలి, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ, "మేడమ్, ఇది మా ఇంజన్లో పోస్తే కొండ ఎక్కుతుంది" అన్నాడు. అందరూ నవ్వారు. మా పులిహోరని వెక్కిరించాడని నేను డబ్బా మూత పెట్టేశాను.

సాయంత్రానికి ఒక లోయలో, ఎర్ర కొట్టం ఉన్న పొలం ఇంటికి చేరాం. గదులు అద్దెకిస్తామని బోర్డుంది. రాత్రికి పద్దెనిమిది డాలర్లు, పొద్దున ఫలహారంతో కలిపి. యజమానురాలు మిసెస్ క్లైన్, డెబ్భై ఏళ్ళ మనిషి. మొగవాళ్ళ చొక్కా, రబ్బరు బూట్లు, చేతిలో ఎప్పుడూ చీపురు. ఆరు మేకలున్నాయి. మా పేర్లూ ఫోన్ నెంబరూ పుస్తకంలో రాయించుకుని, మేం మాంసం తినమని చెబితే "అయితే మీ ముగ్గురికీ నా మేకలకీ ఒకటే వంట" అంది. ఉడికించిన మొక్కజొన్న, బంగాళాదుంపలు, వేడి రొట్టె, చెర్రీపళ్ళ మిఠాయి. నిజం చెప్పాలంటే అమెరికాలో నేను తిన్న మంచి భోజనం అదే.

తిన్నాక నేను దొడ్లోకి బయల్దేరాను. వెనకనుంచి ఆవిడ గట్టిగా పిలిచింది. "మిస్టర్, వెనక కంచె దగ్గరికి మాత్రం వెళ్ళొద్దు! అక్కడ..."

అక్కడ ఏముందో నేను వినలేదు. డబ్బిచ్చి దిగినవాణ్ణి కంచె దాటే దొంగలా హెచ్చరిస్తోందని, ఆవిడ మాట పూర్తికాకముందే వెనక్కి తిరిగి లోపలికొచ్చి తలుపు వేసుకున్నాను. ఆ మాట పూర్తిగా విని ఉంటే ఈ కథనం నయాగరా గురించే అయ్యేది.

వెనక కంచె, ఆదివారం

వెళ్ళొద్దన్న చోటికి మరుసటి రోజు పొద్దున్నే వెళ్ళాను. చెక్క కంచె, దాని వెనక పెద్ద చెట్లు. కంచె నిండా ఒక తీగ అల్లుకుని ఉంది. రెమ్మరెమ్మకీ మూడేసి ఆకులు. లేతవి మెరుస్తున్నాయి, కొన్నిటికి కొంచెం ఎరుపు. నాకు ఒళ్ళు పులకరించింది. దేవుడు కస్టమ్స్ ఆఫీసరుకి సమాధానం చెప్పాడనుకున్నాను.

అది మారేడు కాదని నాకు తెలుసు. మారేడు చెట్టు, ఇది తీగ. మారేడుకి ముళ్ళుంటాయి, దీనికి లేవు. మారేడాకు నలిపితే ఒక వాసన వస్తుంది, దీనికది లేదు. ఇవన్నీ చూశాను. చూసి, మూడు దళాలు ఉంటే చాలు, పరదేశంలో దొరికిందే మారేడు అని నాకు నేనే శాస్త్రం చెప్పుకున్నాను. పక్క చెట్టు మీదికి ఎగబాకిన ముదురు తీగ లావుపాటి తాడులా ఉంది. దాని నిండా గోధుమరంగు వెంట్రుకల్లాంటి వేళ్ళు. ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో అలాంటి తీగ చూడలేదు. కొత్త మొక్క కనబడితే తెలిసేదాకా ముట్టుకోవద్దని రైతులకి నేనే చెప్పేవాణ్ణి.

ఆ రోజంతా వాళ్ళు నన్నొక గుహ చూడ్డానికి తీసుకెళ్ళారు. మనిషికి నాలుగు డాలర్లు. లోపల చల్లగా ఉంది. రంగు దీపాలు పెట్టి, రాళ్ళకి పేర్లు పెట్టారు. నా మనసంతా కంచె మీదే ఉంది.

సోమవారం పూజ

తెల్లవారగానే లేచి, పొడుగు చేతుల చొక్కా వేసుకుని, నూటఎనిమిది రెమ్మలు కోసి, నా తువ్వాల్లో మూటగట్టి తెచ్చాను. వసూ అప్పటికే తలస్నానం చేసి, చీర కట్టుకుని కూర్చుంది. మూట విప్పగానే దాని మొహం మారింది.

"మామయ్యా, ఇవెక్కడివి?"

"వెనక కంచె మీదివి. చూశావా, అచ్చం మారేడే."

"ఇక్కడ మూడాకుల తీగ ఏదో ముట్టుకోకూడదని అంటుంటారు. నేనెప్పుడూ చూడలేదు. ఒక్కసారి మిసెస్ క్లైన్‌ని అడిగొస్తాను, రెండు నిమిషాలు."

"ఎవర్ని? గదులు అద్దెకిచ్చే ఆవిణ్ణా? ముప్ఫై ఏళ్ళు మొక్కల్లో బతికింది నేనా, ఆవిడా?"

"అది కాదు మామయ్యా, జస్ట్ కన్ఫర్మ్ చేసుకుందామని..."

"పెళ్ళిలో మొదటి బంతికి పనికిరాలేదు. ఇప్పుడు నీ కోసం చేసే పూజక్కూడా పనికిరానన్నమాట. సరే. కట్టేస్తాను మూట."

వసూ నన్ను ఒక్క క్షణం చూసింది. తర్వాత చెయ్యి చాపి, "ఇలా ఇవ్వండి. తొడిమలు నేను తుంచుతాను" అంది.

మారేడు పూజ చేసేవాళ్ళకి తెలుసు. దళం కాడ చివర కణుపులా లావుగా ఉన్న ముక్కని తుంచేసి, కడిగి, అప్పుడు సమర్పిస్తాం. నూటఎనిమిదింటి తొడిమలూ ఆ పిల్ల తన గోళ్ళతో తుంచింది. తుంచినచోట పాలలాంటి సొన బొట్టుబొట్టుగా వచ్చింది. ఒక్కొక్కటీ కడిగి, తుడిచి నా చేతికందించింది. నేను పేరు చెప్పి లింగం మీద పెట్టాను. ప్రసాద్ దూరంగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పూజ అయ్యాక ఒక దళం తీసి వసూకిచ్చాను. రెండు కళ్ళకీ అద్దుకుంది.

నిర్మాల్యం ఎవరూ తొక్కకూడదు. మా ఊళ్ళో అయితే కాలవలో వదులుతాం. అక్కడ కాలవ లేదు. అగ్నికి ఇస్తే దోషం లేదని మళ్ళీ నాకు నేనే చెప్పుకుని, ఆకులన్నీ పట్టుకుని పెరట్లోకి వెళ్ళాను. ఆ పల్లెటూళ్ళో చెత్త తగలబెట్టుకునే ఇనపపీపా ఒకటి ప్రతి ఇంటి వెనకా ఉంటుంది. ఆకులు అందులో వేసి, రెండు కాగితాలు పెట్టి, అగ్గిపుల్ల గీశాను.

ఎక్కణ్ణుంచి వచ్చిందో మిసెస్ క్లైన్, పరిగెత్తుకుంటూ వచ్చి చీపురుతో నా చేతి మీద కొట్టింది. అగ్గిపెట్టె ఎగిరి గడ్డిలో పడింది. పుట్టి బుద్ధెరిగాక నన్ను కొట్టినవాళ్ళు లేరు, చీపురుతో అసలే లేరు.

"పాయిజన్ ఐవీ!" అని అరిచింది ఆవిడ. రొప్పుతోంది. "దాన్ని కాలుస్తారా ఎవరైనా? పొగ పీలిస్తే ఊపిరితిత్తులు లోపలినుంచి బొబ్బలెక్కుతాయి. మా ఆయన ఇలాగే, ఇదే పీపా దగ్గర, కంచె శుభ్రం చేసి కాల్చాడు. ఆ తర్వాత ఆయన మెట్లెక్కలేదు. నాలుగేళ్ళు బతికాడు."

 ఆవిడ పీపాలోంచి కర్రతో ఒక ఆకు తీసి, తెల్ల కాగితం మీద వేసి, చీపురుకర్ర మొనతో నలిపింది. "నా మాట నమ్మొద్దు, ఇది చూడండి" అంది. కాగితం మీద సొన తడి కనబడింది. చూస్తుండగానే గోధుమరంగుకి తిరిగింది. అయిదు నిమిషాల్లో నల్లబడింది.

ఆ నలుపు నాకు తెలుసు. మా చాకలి నల్లజీడి సొనతో బట్టల మీద గుర్తు పెట్టేవాడు. అదే నలుపు. ఎన్ని ఉతుకులకీ పోదు, చర్మానికి తగిలితే బొబ్బలు. మామిడి సొన కూడా ఆ జాతిదే. ఇంకొకటి కూడా నాకు తెలుసు. వసూ ఏడేళ్ళప్పుడు మా తోటలో మామిడికాయ కొరికి, సొన తగిలి, మూతి వాచి పదిరోజులు అన్నం తినలేదు. ప్రతి వేసవిలోనూ దానికి అలాగే అయ్యేది. ఇవన్నీ అక్కడే, ఆ పీపా పక్కనే, ఒక్క నిమిషంలో నాకు తెలిశాయి.

"మీరు కాక ఇంకెవరు ముట్టుకున్నారు? వెంటనే సబ్బూ చన్నీళ్ళతో కడగాలి. బట్టలు కూడా" అంది ఆవిడ.

"ఎవరూ ముట్టుకోలేదు" అన్నాను.

ఇక్కడ ఆగి రాస్తున్నాను. చీపురుదెబ్బ చేతికి తగలలేదు నాకు, మరెక్కడో తగిలింది. నా తప్పు ఆవిడ ముందు ఒప్పుకోవడం కంటే వసూ చేతులు చిన్న విషయంగా కనిపించాయి. లోపలికెళ్ళి, "వెంటనే బయల్దేరదాం. ఆవిడ నన్ను చీపురుతో కొట్టింది" అని మాత్రం చెప్పాను. ఎందుకు కొట్టిందో చెప్పలేదు. నేను మాత్రం స్నానాలగదిలోకెళ్ళి సబ్బుతో మోచేతుల దాకా కడుక్కున్నాను.

ప్రసాద్ కంగారుగా డబ్బు చెల్లించాడు. మిసెస్ క్లైన్ మెట్ల మీదికి వచ్చి ఏదో చెప్పబోయింది. నేను కారు తలుపు గట్టిగా వేశాను.

నయాగరా

దారంతా వసూ నా తువ్వాలు మడిచి తలకింద పెట్టుకుని నిద్రపోయింది. దళాలు మూటగట్టిన తువ్వాలు. అది చూస్తూ ముందు సీట్లో కూర్చుని, ఆ ఊళ్ళో గదులు అద్దెకిచ్చే ఇళ్ళ జాబితా వేసే పర్యాటకుల ఆఫీసుకి ఫిర్యాదు రాశాను. రెండు పేజీలు. అతిథిపై దాడి, మతాచారానికి అవమానం. ఇంగ్లీషు బాగా కుదిరింది.

మంగళవారం నయాగరా చేరాం. కెనడా వైపునుంచి చూస్తే అందమట. నాకు ఆ దేశం వీసా లేదు గనక వెనకనుంచి చూశాను. పడవెక్కే ముందు ప్లాస్టిక్ కోటు తొడుక్కోమంటారు. వసూ తన కోటు బొత్తాలు పెట్టుకోలేకపోయింది.

"వేళ్ళు మంటగా ఉన్నాయి మామయ్యా. ఎండకేమో."

వేళ్ళ సందుల్లో సన్నగా, వరసగా నీటిపొక్కులు. కనురెప్పలు ఎర్రగా ఉబ్బాయి. నా ముంజేతి మీద కూడా, మార్చకుండా వేసుకున్న చొక్కా చేతి అంచు రాసుకున్నచోట, మూడు చిన్న పొక్కులు లేచాయి. నేను చొక్కా చెయ్యి కిందికి లాక్కున్నాను. పడవ జలపాతం కిందికి వెళ్ళింది. అందరూ కేకలు వేశారు. వసూ తడి చేతులు గాల్లోకెత్తి పట్టుకుని, "హాయిగా ఉంది" అంది.

ఒడ్డుకొచ్చాక జలపాతం బొమ్మ ఉన్న కవరు కొని, ఫిర్యాదు అందులో పెట్టి పోస్టు చేశాను. అప్పటికి నాకు అంతా తెలుసు. అయినా చేశాను.

మళ్ళీ పిస్కాటవే

బుధవారం సాయంత్రం ఇల్లు చేరేసరికి లోపల ఫోన్ మోగుతోంది. వసూ రెండు మోచేతులతో అందుకుని, చెవికి ఆనించుకుని చాలాసేపు విన్నది. "ఎస్... ఎస్... థాంక్యూ" అంది. పెట్టేసి, నా వైపు చూడకుండా వంటింట్లోకి వెళ్ళింది. రాత్రికి ప్రసాద్ నా తువ్వాలూ, కారు సీటు గుడ్డలూ ఒక సంచిలో వేసి విడిగా ఉతికాడు. ఎవరూ నన్నేమీ అడగలేదు.

శుక్రవారం పొద్దున ఆ పిల్ల ఇస్త్రీ చేసిన తెల్లకోటు భుజాన వేసుకుని, చేతులకి గుడ్డలు చుట్టుకుని, కళ్ళు సగం మూసుకుపోయి, ప్రసాద్ వెంట ఆస్పత్రికి వెళ్ళింది. మధ్యాహ్నానికి వెనక్కొచ్చింది. చీము కారే చేతులతో రోగిని ముట్టుకోకూడదు. రెండు వారాలు సెలవన్నారు. పిల్లల వార్డులో దాని చోటుకి వేరేవాళ్ళని వేశారు. రెండు వారాల తర్వాత చూస్తామన్నారు. ఆ "చూస్తాం" అనే మాటని వసూ ఇంగ్లీషులో రెండుసార్లు పలికి చూసుకుంది, దాని అర్థం మారుతుందేమోనని.

కాలిఫోర్నియానుంచి వచ్చిన ఒక పెద్ద డాక్టరు దాన్ని చూశాడట. ఈ తీగకి అక్కడ పొదలా పెరిగి, ఓక్ చెట్టు ఆకుని పోలిన ఆకులుండే చుట్టం ఒకటుందని, దాన్ని పాయిజన్ ఓక్ అంటారని చెప్పాడట. "తగిలిన వెంటనే కడుక్కుని ఉంటే ఇంత ఉండేది కాదు. ఆ బట్టలు దూరంగా పెట్టినా సగం తగ్గేది" అన్నాడట. వసూ ఈ మాట ప్రసాద్‌తో చెబుతుంటే పక్కగదిలోంచి విన్నాను.

ఆ రెండు వారాలు వంట నేనే చేశాను. నాకు పప్పూ చారూ తప్ప రావు. ప్రసాద్ ఆఫీస్‌కి వెళ్ళాక అన్నం కలిపి, ముద్దలు చేసి వసూ నోట్లో పెట్టేవాణ్ణి. మూతి వాచిన ఏడేళ్ళ పిల్లకీ అలాగే పెట్టాను. అయిదో రోజునో ఆరో రోజునో, ముద్ద చేతిలో ఉండగా ఇంక పట్టలేకపోయాను.

"వసూ, ఆవిడ నాకు చెప్పింది. పీపా దగ్గరే. కడుక్కోమంది. ఇంకెవరు ముట్టుకున్నారని కూడా అడిగింది. ఎవరూ లేరన్నాను."

"తెలుసు మామయ్యా."

"ఎలా తెలుసు?"

"బుధవారం మనం వచ్చేసరికి ఫోన్ రింగ్ అవుతోంది కదా, అది ఆవిడే. సోమవారంనుంచి ట్రై చేస్తోందట. నేను పూజలో కూర్చోవడం కిటికీలోంచి చూసిందట, అవి ఆ ఆకులని అప్పుడు తెలియలేదట. నా చేతులెలా ఉన్నాయని అడిగింది."

"మరి నన్నెందుకు అడగలేదే? ఒక్క మాటైనా అనలేదేం?"

వసూ కళ్ళు తెరవడానికి కష్టపడుతూ నా మొహంకేసి చూసింది. అందులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

"అంటే మీరు గుర్తుపెట్టుకుంటారు మామయ్యా. ఆ రోజు ఆకులు ముట్టుకున్నదీ అందుకేగా. ఇంకో ముద్ద పెట్టండి, ఆకలేస్తోంది."

పెట్టాను. చారు దాని గడ్డం మీద పడింది. తుడిచాను.

రెండు వారాల తర్వాత ఆస్పత్రివాళ్ళు దాన్ని తీసుకున్నారు. పిల్లల వార్డు మాత్రం ఆ ఏడాది ఇవ్వలేదు. మూడేళ్ళు ఆ వార్డు కోసమే ఎదురుచూసిన పిల్ల, "వచ్చే ఏడు వస్తుందిలెండి" అంది.

నేను మిసెస్ క్లైన్‌కి ఉత్తరం రాశాను. జీవితంలో ఫిర్యాదు కాని మొదటి ఉత్తరం అదేనేమో, నాలుగుసార్లు చింపి రాశాను. ఆ ఆఫీసుకి కూడా, నేను రాసింది అబద్ధమని రాశాను. వారంలో ఆవిడనుంచి జవాబొచ్చింది. నా ఫిర్యాదు గురించి ఒక్క ముక్క లేదు. మొదటి వాక్యం, అమ్మాయి చేతులు ఎలా ఉన్నాయి అని. తర్వాత, నేను వ్యవసాయం మనిషినని ప్రసాద్ చెప్పాడట, అందుకని, ఆ తీగని ఎలా వదిలించుకోవాలో వివరంగా రాసింది. మూడాకుల్లో మధ్యదానికి కాడ పొడుగు, పక్కవి రెండూ కాండానికి దాదాపు అతుక్కుని ఉంటాయి. అదే గుర్తు. వాన కురిసి నేల మెత్తబడ్డాక, పొడుగు గ్లవ్స్ తొడుక్కుని, వేరుతో సహా పీకాలి. ఒక్క ముక్క మిగిలినా మళ్ళీ వస్తుంది. చెట్టెక్కిన తీగని మొదట్లో నరికి, పైనది దానంతటది ఎండిపోయేలా వదిలెయ్యాలి. ఎండిందాన్ని కూడా ముట్టుకోవద్దు, దాని విషం ఎండదు. పీకింది సంచిలో కట్టెయ్యాలి తప్ప కాల్చకూడదు. కత్తీ పారా కూడా కడగాలి. లేదా మేకల్ని తోలాలి, వాటికేమీ కాదు. చివర్లో, చీపురుతో కొట్టినందుకు క్షమించమని రాసింది.

బాపట్ల

ఆగస్టులో తిరిగొచ్చాను. కామాక్షికి కూడా నూనె చిందిందనే చెప్పాను. సోమవారాలు పెరటి మారేడు కోస్తాను. ముల్లు గుచ్చుకుంటే కొంచెం హాయిగా ఉంటుంది. తొడిమ తుంచేటప్పుడు మాత్రం వేళ్ళు ఆగుతాయి.

పోయిన నెల మా బావగారు తెనాలినుంచి వచ్చారు, చిన్నకూతురి పెళ్ళి శుభలేఖ పట్టుకుని. కుర్చీలో కూర్చుంటూనే, నేనేమంటానో ముందే తెలిసినట్టు, "ఒరేయ్ బామ్మర్దీ, ఈసారి నువ్వు మొదటి బంతిలో, మొదటి విస్తరి. బూరెల బుట్ట నీ పక్కనే పెట్టిస్తాను. సరేనా?" అన్నారు.

వసూ తండ్రికి ఏమీ రాయలేదని ఆయన మొహం చూస్తే తెలిసింది. పిల్లల వార్డు ఎందుకు రాలేదో ఆయనకి తెలియదు. చొక్కా చెయ్యి పైకి మడిచి, మచ్చలు చూపించి, మొదట్నుంచీ చెప్పాను. కంచె దగ్గర్నుంచి ముద్ద దాకా. తలుపు దగ్గర కామాక్షి కాఫీ పట్టుకుని నిలబడిపోయింది.

బావగారు నా చెయ్యి పట్టుకుని మచ్చలు చూశారు. కాఫీ చల్లారింది. చివరికి అడిగారు.

"అయితే, బూరెల సంగతి ఇక వదిలేసినట్టేనా?"

"వదిలేశాను బావా" అన్నాను. "నన్ను మూడో బంతిలోనే కూర్చోబెట్టు."